థలసేమియా ఉన్న తమ్ముడు గోలీలు మానేశాడు, కౌన్సెలింగ్‌తో మారతాడా?

అమ్మా, మీరు రాసింది జాగ్రత్తగా చదివాను. మీది దేవరకొండ దగ్గర పల్లె. తమ్ముడికి 23 ఏళ్లు, థలసేమియా మేజర్, అంటే ఒంట్లో రక్తం సరిగా తయారుకాని, పుట్టుకతో వచ్చే జబ్బు. మూడు వారాలకోసారి హైదరాబాద్ వెళ్లి రక్తం ఎక్కించుకుంటాడు. డిగ్రీ అయ్యాక ఇంట్లోనే ఉంటున్నాడు. ఆరు నెలలుగా ఐరన్ తీసే గోలీలు వేసుకోవడం లేదు, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ ఎంత పేరుకుందో చెప్పే పరీక్ష) 4,800కి చేరింది. అడిగితే "ఎన్నేండ్లు బతుకుతనని ఇదంతా" అంటున్నాడు. మానసిక డాక్టర్‌కు చూపిద్దామంటే ఊళ్లో పిచ్చోడంటారని నాన్న ఒప్పుకోవడం లేదు. ఈ జబ్బులో ఇదంతా మామూలేనా, కౌన్సెలింగ్‌తో ఏమైనా మారుతుందా అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఇది మామూలే అని వదిలేయకూడదు. సరైన సాయం దొరికితే ఈ స్థితి నుంచి బయటపడేవాళ్లు చాలామందే ఉంటారు. కాకపోతే కౌన్సెలింగ్ అంటే ఎవరో పెద్దమనిషి కూర్చోబెట్టి ధైర్యం చెప్పడం అనుకుంటే దానివల్ల ఒరిగేదేమీ లేదు. మీ తమ్ముడికి పుట్టినప్పటి నుంచి అందరూ ధైర్యమే చెప్తున్నారు. విని విని విసిగిపోయి ఉంటాడు.

నేను నల్లగొండలో సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. థలసేమియా, సికిల్ సెల్, హీమోఫీలియా లాంటి రక్తపు జబ్బులు ఉన్న పెద్దవాళ్లతో మాట్లాడటం నా పనిలో పెద్ద భాగం. ఎక్కువసార్లు వాళ్లకు రక్తం ఎక్కుతుండగా మంచం పక్కన కూర్చునే మాట్లాడతాను, ఎందుకంటే ఆ నాలుగైదు గంటలు వాళ్లకు వేరే పని ఉండదు. నేను చెప్పే కేసుల్లో ఊళ్లు, వివరాలు కొంత మార్చాను.

నాకు కనిపించిన అసలు సంగతి ఇది. మీ తమ్ముడి వయసువాళ్లు చాలామంది విషయంలో, జబ్బు బయటపడ్డప్పుడు ఎవరో ఒకరు "పదిహేను, ఇరవై ఏండ్లు" అని ఇంట్లోవాళ్లతో అనేశారు. అమ్మానాన్న ఆ లెక్కకే మనసు సిద్ధం చేసుకున్నారు. పిల్లాణ్ని బతికించుకోవడం ఒక్కటే వాళ్ల ప్లాన్. వాడు పెద్దవాడై ఉద్యోగం చేస్తాడని, పెళ్లి చేసుకుంటాడని ఎవరూ లెక్కేయలేదు. ఇప్పుడేమో వేళకు రక్తం, క్రమంగా ఐరన్ తీసే మందులు ఉంటే నలభైలు, యాభైల్లోకి వెళ్తున్నవాళ్లు ఉన్నారు. మీ తమ్ముడు బతికాడు, పెద్దవాడయ్యాడు. ఇంట్లో మాత్రం ఇంకా మంచం మీది పిల్లాడే. ఏం తినాలి, ఎక్కడికి పోవాలి, ఎవరితో మాట్లాడాలి అన్నీ వేరేవాళ్లే చెప్తారు. గోలీ మింగాలా వద్దా అన్నదొక్కటే అతను సొంతంగా తీసుకోగల నిర్ణయం. దాన్నే వాడుతున్నాడు.

ఇక ఏం చేయాలో చెప్తాను. అన్నిటికంటే ముందు చేయాల్సింది ఒకటుంది.

"చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని అతన్ని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అలా పుట్టదు. ఉన్న ఆలోచన బయటికొస్తుంది, అంతే. "విసుగొచ్చింది, ఎంత చేసినా ఇంతే గదా" అంటే అది ఒక సంగతి. ఎలా చచ్చిపోవాలో ఆలోచించుకున్నానంటే వేరే సంగతి. అప్పుడు ఒంటరిగా వదలకండి, ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి. మన దగ్గర పత్తి వేసే ప్రతి ఇంట్లో పురుగుమందు డబ్బాలు చేతికందేలా ఉంటాయి. అతను ఏం చెప్పినా సరే, ఇవాళే వాటిని ఇంట్లోంచి తీసేయండి. గోలీల స్టాక్ కూడా ఎక్కువ ఉంచకండి. సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, రాత్రీపగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. మీరు కూడా చేయొచ్చు, పేషెంటే చేయాలని లేదు.

తర్వాత ఒంటి సంగతి. మనసు బాగాలేదని నా దగ్గరికి పంపిన థలసేమియా పేషెంట్లలో కొందరికి అసలు తేడా థైరాయిడ్‌లో ఉండేది. ఒక్కో యూనిట్ రక్తంతో సుమారు 200 మిల్లీగ్రాముల ఐరన్ ఒంట్లోకి వస్తుంది. దాన్ని బయటికి పంపే దారి ఒంటికి లేదు. అది గుండె, లివర్‌తో పాటు హార్మోన్ల గ్రంథుల్లో కూడా పేరుకుంటుంది. థైరాయిడ్ తగ్గితే మనిషి మందగిస్తాడు, నిద్ర ఎక్కువవుతుంది, దేని మీదా ఆసక్తి ఉండదు. షుగర్ వచ్చినా నీరసమే. టెస్టోస్టిరాన్ తగ్గినా దిగులు, చిరాకు. రక్తం ఎక్కించుకునే ముందు హిమోగ్లోబిన్ తొమ్మిది కంటే బాగా కింద ఉంటోందంటే ఆ వారమంతా అతను ఎలాగూ మంచం దిగడు. అందుకే డిప్రెషన్ అని పేరు పెట్టే ముందు థైరాయిడ్, షుగర్, టెస్టోస్టిరాన్, విటమిన్ డి, లివర్ పరీక్షలు చేయించండి. ఫెరిటిన్ 4,800 ఉంది కాబట్టి గుండె కూడా చూపించాలి. ఈసీజీ, ఎకోతో పాటు గుండెలో ఐరన్ ఎంతుందో చూసే టీ2 స్టార్ ఎంఆర్ఐ గురించి డాక్టర్‌ను అడగండి.

ఒక చిన్న కిటుకు. అతని మూడ్‌ను రక్తం ఎక్కించుకున్న నాలుగైదు రోజుల తర్వాత గమనించండి. ఒంట్లో శక్తి ఉన్న ఆ రోజుల్లో నవ్వుతూ బయటికి వెళ్తే రక్తం తగ్గడం వల్ల వచ్చే నీరసమే ఎక్కువన్నమాట. ఆ రోజుల్లో కూడా గోడవైపు తిరిగి పడుకుంటే అప్పుడు మనసు వైపు గట్టిగా చూడాలి.

ఇంకో మాట. ఒంట్లో రక్తం తక్కువుందని ఊళ్లో ఆర్‌ఎంపీ గానీ, ఇంకెవరైనా గానీ రక్తం పెరిగే ఐరన్ గోలీలు, టానిక్‌లు ఇస్తే వేయకండి. ఉన్న ఐరన్‌తోనే చస్తుంటే ఇంకా పోసినట్టవుతుంది. చదువుకున్నవాళ్లు కూడా ఈ పొరపాటు చేస్తుంటారు.

ఇప్పుడు మీరు రాసినదాంట్లో నా కన్ను ఆగిన చోటికి వస్తాను. "ఆరు నెలలుగా" అన్నారు. ఆరు నెలల కింద ఏం జరిగింది? ఇది అడగమని నేను ప్రతి కుటుంబానికీ చెప్తాను. చాలామంది ఇళ్లల్లో జవాబు తెలియదు. పేషెంట్‌ను ఒంటరిగా అడిగితే మాత్రం చాలాసార్లు ఒకటే జవాబు వస్తుంది: పక్క మంచం వాడు పోయాడు.

రక్తమార్పిడి సెంటర్‌లో పిల్లలు కలిసే పెరుగుతారు. మూడు వారాలకోసారి అదే వార్డు, అవే ముఖాలు. స్కూల్ ఫ్రెండ్స్ కంటే ఎక్కువ. ఒకసారి వెళ్లేసరికి ఆ మంచం మీద వేరే పిల్లాడు ఉంటాడు. నర్సును అడిగితే మాట తప్పిస్తుంది. సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో దండ వేసిన ఫొటో వస్తుంది, కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. ఇంట్లో ఎవరికీ చెప్పడు. చెబితే అమ్మ భయపడుతుందని. వాడు గోలీలు క్రమంగా వేసుకునేవాడైతే ఇంకా కష్టం. "వాడు అన్నీ సక్కగ చేసిండు సార్, అయినా పోయిండు" అని ఒకతను నాతో అన్నాడు. ఆ తర్వాతే అతను మందులు వదిలేశాడు. ఇంట్లోవాళ్లు ఇదంతా మొండితనం అనుకున్నారు. దుఃఖానికి ఎక్కడా చోటు దొరకక అలా బయటపడింది.

కాబట్టి మీ తమ్ముణ్ని గోలీల గురించి అడగకండి. "మీ సెంటర్ల నీతోటి ఎక్కించుకునేటోళ్లు ఎట్లున్నరు?" అని అడగండి. చెప్పడం మొదలుపెడితే మధ్యలో ఓదార్చకండి, "నీకట్ల కాదురా" అనకండి. వినండి చాలు. అలాంటి చావు ఏదీ లేకపోవచ్చు కూడా. డిగ్రీ అయిపోయి స్నేహితులంతా ఉద్యోగాలకు వెళ్లిపోయిన టైమ్ కూడా అదే అయి ఉండొచ్చు. ఏదైనా సరే, ఆరు నెలల కింద ఏదో ఒకటి జరిగే ఉంటుంది.

గోలీల మీద కూడా ఒక సందేహం పెట్టుకోండి. మానేయడానికి కారణం మనసే కానక్కర్లేదు. ఐరన్ తీసే డెఫెరాసిరాక్స్‌లో నీళ్లలో కలుపుకొని ఖాళీ కడుపున తాగే రకం ఉంది, సుద్ద నీళ్లు తాగినట్టు ఉంటుందంటారు. కొందరికి వికారం, విరేచనాలు. రోజూ పొద్దున్నే అలా మొదలైతే ఎవరికైనా విరక్తే. నేరుగా మింగే రకం కూడా దొరుకుతుంది, చాలామందికి అది నయం. ఐరన్ తీసే ఇంకో మందు డెఫెరిప్రోన్ వాడేవాళ్లకు మూత్రం ఎర్రగా రావచ్చు, రక్తం పోతోందని భయపడి చెప్పకుండా మానేసినవాళ్లను చూశాను. ఇవన్నీ మార్చుకోగల సమస్యలే. కాకపోతే ఆరు నెలలు ఆపిన మందును ఇంట్లోనే మళ్లీ పాత డోసులో మొదలుపెట్టొద్దు. క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), లివర్, తెల్లరక్త కణాలు చూసి డాక్టరే చెప్పాలి.

మిర్యాలగూడ వైపు రైస్‌మిల్లులో లెక్కలు రాసే ఒకతని సంగతి చెప్తాను. వాళ్లమ్మ రోజూ గోలీల స్ట్రిప్ తీసి లెక్కపెట్టేది. ఇతను రోజుకొకటి చొప్పున తీసి బాత్రూమ్‌లో పారేసేవాడు. స్ట్రిప్‌లో లెక్క సరిగ్గా ఉండేది, ఫెరిటిన్ మాత్రం పెరుగుతూ పోయేది. డాక్టర్ డోసు పెంచాడు, అతను పెంచిన డోసు పారేశాడు. మేం చేసింది చాలా చిన్న పని. గోలీలు అతని బీరువాలోకి వెళ్లాయి. రిపోర్టు అతని ఫోన్‌కే రావాలని, డాక్టర్‌తో అతనే మాట్లాడాలని, ఇంట్లో ఎవరూ ఫెరిటిన్ ఎంత అని అడగకూడదని ఒప్పందం. వాళ్లమ్మకు అది నరకం. ఆమెతో నేను విడిగా కూర్చోవాల్సి వచ్చింది, నిజానికి అతనితో కంటే ఆమెతోనే ఎక్కువ మాట్లాడాను. ఫెరిటిన్ వెంటనే దిగలేదు. మధ్యలో ఒకసారి మళ్లీ మానేశాడు కూడా, కానీ ఈసారి దాచలేదు, తనే ఫోన్ చేసి చెప్పాడు. నా లెక్కలో పెద్ద మార్పు అదే.

మీ ఇంట్లో ఫెరిటిన్ అంకె పరీక్షల్లో మార్కుల లాగా అయిపోయి ఉంటుంది. ఆ మాట కొన్నాళ్లు ఇంట్లో వినిపించకుండా చూడండి. డాక్టర్, అతను చూసుకుంటారు.

భారం అనే ఆలోచన. వీళ్లందరిలో లోతుగా ఉండేది ఇదే. "నాకోసం రెండెకరాలు అమ్మిండ్రు", "అక్క పెండ్లి నావల్లనే ఆగింది". పైకి అనరు. అమ్మానాన్న గొడవపడి "మీ వంశంల నుంచే వచ్చింది" అనుకుంటే పక్క గదిలోంచి వింటారు. నిజానికి ఇద్దరూ క్యారియర్లయితేనే (తమకు జబ్బు బయటపడకుండా దాని జన్యువును మోసేవాళ్లయితేనే) మేజర్ పుడుతుంది, ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు అవకాశంతో. మేనరికాల్లో ఇద్దరూ క్యారియర్లు అయ్యే అవకాశం ఎక్కువ, ఎవరో ఒక్కరి తప్పంటూ ఉండదు. ఈ మాట మీ అమ్మానాన్నలకు డాక్టర్ నోటితో, మీ తమ్ముడి ముందే చెప్పించండి. "నువ్వు భారం కాదు" అనే మాట మాత్రం పనిచేయదు, అతను నమ్మడు. ఇంట్లో నిజంగా ఒక పని అప్పగించండి. పంట లెక్కలు, బ్యాంకు పని, రైతు భరోసా లాంటి డబ్బులు పడ్డాయా లేదా చూడటం, ఏదైనా. ఉత్తుత్తి పని వద్దు, అతను చేయకపోతే నిజంగా ఆగిపోయే పని కావాలి.

ఉద్యోగం గురించి రెండు ముక్కలు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో థలసేమియా, సికిల్ సెల్, హీమోఫీలియా ఉన్నాయి. వైకల్యం 40 శాతం లేదా అంతకంటే ఎక్కువని సర్టిఫికెట్ వస్తే పై చదువుల్లో 5 శాతం కోటాకు అర్హత ఉంటుంది. సర్కారు ఉద్యోగాల్లోని 4 శాతం రిజర్వేషన్‌కు చట్టం చెప్పిన వర్గాల్లో మాత్రం రక్తపు జబ్బులు లేవు. ఈ తేడా తెలియక ఏళ్లకేళ్లు నోటిఫికేషన్ల కోసం చూసి కుంగిపోయినవాళ్లున్నారు, అందుకే చెప్తున్నాను. మూడు వారాలకో రోజు సెలవు ఇవ్వగలిగే చిన్న ప్రైవేటు ఉద్యోగమైనా ఇంట్లో కూర్చోవడం కంటే మనసుకు చాలా మంచిది.

మీతో చెప్పుకోలేని సంగతి ఇంకోటి ఉంటుంది. ఐరన్ వల్ల హార్మోన్లు దెబ్బతిని కొందరు మగపిల్లలకు ఎదుగుదల ఆగుతుంది. 23 ఏళ్లు వచ్చినా గడ్డం రాదు, గొంతు మారదు, ఎత్తు పెరగదు. బస్సులో కండక్టర్ "ఏ క్లాస్ రా" అని అడుగుతాడు. దీంతో బయటికి వెళ్లడమే మానేస్తారు. అక్కతో, అమ్మతో చెప్పలేరు, చివరికి డాక్టర్ ముందు కూడా ఇంట్లోవాళ్లు పక్కనుంటే నోరెత్తరు. దీనికి హార్మోన్ల చికిత్స ఉంది. కాబట్టి డాక్టర్ దగ్గర కాసేపు అతన్ని ఒంటరిగా వదిలి మీరు బయట కూర్చోండి. ఇది చెప్పడానికి తేలిక, చేయడానికి మీవాళ్లకు కష్టం.

పెళ్లి గురించి కూడా అతను ఆలోచిస్తూనే ఉంటాడు, అడగడు. థలసేమియా మేజర్ ఉన్నవాళ్లు పెళ్లి చేసుకోవచ్చు. చేసుకోబోయేవాళ్లకు హెచ్‌పీఎల్‌సీ పరీక్ష చేసి క్యారియర్ కాదని తేలితే పుట్టే పిల్లలందరూ క్యారియర్లవుతారు గానీ మేజర్ రాదు. దాచి మాత్రం చేయొద్దు. జడ్చర్ల వైపు ఒకమ్మాయికి దాచి చేశారు. పుట్టింటికి పోతున్నానని చెప్పి రక్తం ఎక్కించుకునేది. అనుమానం వస్తుందని వారాలకు వారాలు వాయిదా వేసేది. నా దగ్గరికి వచ్చేసరికి టెన్షన్‌తో నిద్ర పట్టని స్థితి. చివరికి భర్తకు తనే చెప్పింది. అత్త ఇప్పటికీ సరిగ్గా మాట్లాడదు, భర్త మాత్రం సెంటర్‌కు వెంట వస్తున్నాడు.

సికిల్ సెల్ ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే ఒక మాట. మీ సమస్య వేరు. నొప్పి పైకి కనిపించదు, రిపోర్టుల్లో కూడా ఒక్కోసారి తెలియదు, కాబట్టి నటన అంటారు. ఆదిలాబాద్ నుంచి వచ్చి పోలేపల్లి వైపు ఒక కంపెనీలో నైట్ షిఫ్ట్ చేసే కుర్రాడు నొప్పితో ఎమర్జెన్సీకి వెళ్తే ఇంజెక్షన్‌కు అలవాటు పడ్డాడని పంపేశారు. అప్పటి నుంచి నొప్పి కంటే అవమానానికే భయపడేవాడు. జబ్బు పేరు, వాడే మందులు, నొప్పికి ఏం ఇవ్వాలో తన డాక్టర్‌తో రాయించుకున్న కాగితం జేబులో పెట్టుకున్నాక అతని భయం సగం తగ్గింది.

ఇక మీ నాన్న సంగతి. ఆయన భయాన్ని తీసిపారేయను. మన దగ్గర "ఎర్రగడ్డకు పోయిండు" (అక్కడి మానసిక ఆస్పత్రికి) అంటే ఆ మనిషి పనైపోయినట్టే మాట్లాడతారు. కానీ ఊళ్లో తెలియాల్సిన అవసరమే లేదు. ఎలాగూ మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా హైదరాబాద్ వెళ్తూనే ఉన్నారు, రక్తం ఎక్కించే రోజే అక్కడ మానసిక డాక్టర్‌నో సైకాలజిస్టునో కలిసేలా పెట్టుకోండి. మీ సెంటర్‌లో కౌన్సెలర్ ఉన్నారేమో ముందు అడగండి. శివరాంపల్లిలోని థలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ 1998 నుంచి ఈ పేషెంట్ల కోసమే పనిచేస్తోంది, తోటి పెద్ద పేషెంట్లను కలవడానికైనా వెళ్లండి. పెళ్లయి, పని చేసుకుంటున్న ముప్ఫై ఐదేళ్ల థలసేమియా మనిషిని ఒక్కసారి చూస్తే నేను పది సిట్టింగుల్లో చెప్పేది అక్కడే తెలుస్తుంది. దగ్గర్లో కావాలంటే నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రుల్లో మానసిక వైద్య విభాగం ఓపీ ఉంది. అమావాస్యకు చెర్వుగట్టు గుడికి తీసుకెళ్తామంటే తీసుకెళ్లనివ్వండి, గొడవపడకండి. రక్తం తేదీ మాత్రం తప్పకూడదు.

మానసిక డాక్టర్ డిప్రెషన్‌కు మందు రాస్తే భయపడకండి, అలవాటు పడిపోయే మత్తుమందులు కావవి. పని మొదలవడానికి కొన్ని వారాలు పడుతుంది. రక్తపు జబ్బు మందుల చీటీ మాత్రం ఆ డాక్టర్ ముందు తప్పక పెట్టండి. డెఫెరిప్రోన్ తెల్లరక్త కణాలను తగ్గించగలదు, అదే పని చేసే మానసిక మందులు కొన్ని ఉన్నాయి, రెండూ కలపకూడదు. గుండెలో ఐరన్ ఉంటే కొన్ని డిప్రెషన్ మందులు ఎంచుకునేటప్పుడు ఈసీజీ చూడాలి. హీమోఫీలియా ఉన్నవాళ్లకు ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం డిప్రెషన్ మందులు రక్తస్రావాన్ని కొంచెం పెంచగలవు. ఇద్దరు డాక్టర్లు ఒకరితో ఒకరు ఫోన్‌లో మాట్లాడుకుంటే మంచిది, అది జరిగేలా మీరే చూడాలి.

యూట్యూబ్‌లో జీన్ థెరపీ వీడియోలు చూసి "ఇంకో ఏడాదిల పూర్తిగ నయమైతది" అని ఎదురుచూస్తున్నాడేమో కూడా కనుక్కోండి. ఆ చికిత్స నిజమే, అందులో జన్యువును సరిచేసే (జీన్ ఎడిటింగ్) రకాన్ని 2023 నవంబరులో బ్రిటన్ మొదట అనుమతించింది. ఖర్చు మాత్రం మనలాంటి కుటుంబాలు అందుకునేంతలో లేదు. ఆశ పెట్టుకుని పడిపోవడం, మళ్లీ ఆశ, మళ్లీ పడటం, ఇది కూడా మనిషిని అరగదీస్తుంది.

చివరిగా మీ గురించి. మీరు మీ సంగతి ఒక్క ముక్క కూడా రాయలేదు. జబ్బు లేని తోబుట్టువుల్లో మూడింట రెండు వంతుల మంది క్యారియర్లయ్యే అవకాశం ఉంటుంది. మీరు ఇంకా పరీక్ష చేయించుకోకపోతే తర్వాతిసారి తమ్ముడితో వెళ్లినప్పుడు పరీక్షకు మీ రక్తం కూడా ఇచ్చి రండి. అతని థైరాయిడ్, హిమోగ్లోబిన్ రిపోర్టులు వచ్చాక, పేరు కనిపించకుండా, ఇక్కడ అంకెలు రాస్తే ముందు హార్మోన్ల డాక్టర్ దగ్గరికా, మానసిక డాక్టర్ దగ్గరికా అన్నది చెప్తాను.